ఎడమచేతి జడ

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఉదయం షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. నర్సమ్మగారు. "బాబూ, అక్క వెళ్లిపోయింది. నిద్రలోనే" అంది. తర్వాత ఆవిడే, "పెట్టెలో బట్టల కింద నల్లటేపు చుట్టలు మూడు దొరికాయి. నీ షాపువేనేమో, పంపించెయ్యనా?" అని అడిగింది. వద్దండీ, ఒకటి ఆవిడతోనే పంపండి అన్నాను. అలాగే చేశారు. శవపేటికలో బైబిలు పక్కన వైర్లకి చుట్టే టేపు ఎందుకుందో పాస్టరుగారికి అర్థం కాలేదు. అడగబోయి, నర్సమ్మగారి మొహం చూసి ఊరుకున్నారు.

పోయినావిడ పేరు రాయను. మా బజారులో ఎవరికీ ఆ పేరు తెలియదు కూడా. హిందీవాళ్లకి మౌసీ, నాకు పిన్నిగారు. ఆవిడ పనిచేసిన కార్ల ఫ్యాక్టరీ పేరూ రాయను. ఆవిడెప్పుడూ "మా ఫ్యాక్టరీ" అనే అనేది. అది మూతపడి చాలా ఏళ్లయింది.

మా నాన్న పలాస నుంచి రైల్వే ఖలాసీగా రాయపూర్ వచ్చాడు. నేను రైల్వేలోకి వెళ్లకుండా కార్ల కరెంటు పని నేర్చుకున్నాను. స్టేషన్ నుంచి ఫాఫాడీ వెళ్లే రోడ్డు మీద నా షాపు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, లైట్లు, హారన్లు, ఇవీ నా పని. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రెండు మూడేళ్లకనుకుంటాను, ఒక మధ్యాహ్నం పాతకారొకటి షాపు ముందు ఆగి ఉంది. లోపల ఏదో అతుకుతూ తలెత్తి చూస్తే, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూరగాయల సంచీ నేలమీద పెట్టి, కారు తలుపు తీసి, నడుం వంచి, డ్యాష్‌బోర్డు కిందికి మోచేతి దాకా చెయ్యి దూర్చి ఉంది.

"ఏ మాతాజీ! క్యా కర్ రహీ హో?" అని అరిచాను.

ఆవిడ కంగారుపడలేదు. చెయ్యి తియ్యలేదు. కళ్లు మూసుకుని వేళ్లతో దేన్నో తడుముతోంది. తర్వాత చెయ్యి బయటికి లాక్కుని, "బాగుంది" అని తెలుగులో తనలో తను అనుకుంది.

"మీరు తెలుగువాళ్లా?"

"నువ్వు ముందే తెలుగులో అరిస్తే నేనూ తెలుగులోనే పలికేదాన్ని కదయ్యా. ఆ హారన్ వైరు అక్కడ కట్టకూడదు. స్టీరింగు తిప్పినప్పుడల్లా రాసుకుంటుంది. మేం అక్కడ కట్టలేదు."

"మేం అంటే?"

"ఈ కారు చేసినవాళ్లం."

ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చెల్లెలు, అంటే నర్సమ్మగారు, రైల్వే ఆసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోకుండా, ఫ్యాక్టరీ మూసేశాక కొన్నాళ్లు బట్టలు కుట్టి, చివరికి చెల్లెలి క్వార్టర్‌కి వచ్చి స్థిరపడింది. ఇవన్నీ ఆవిడ నాకు వరసగా చెప్పినవి కావు. కూరల మార్కెట్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో నా షాపు ఉంది. ఆ రోజు తర్వాత వారానికి రెండు మూడుసార్లు ఆగేది. నేను వేసిన స్టూలు మీద కూర్చునేది కాదు, నిలబడే మాట్లాడేది. "ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన కాళ్లయ్యా ఇవి, కూర్చుంటే మొరాయిస్తాయి" అనేది.

కారులో బ్యాటరీ నుంచి లైట్లకీ హారన్‌కీ మీటర్లకీ వెళ్లే వైర్లన్నీ ఒకే మోపుగా కట్టి ఉంటాయి. మేం దాన్ని వైరింగ్ అంటాం. ఆవిడ మాత్రం జడ అనేది. వాళ్ల విభాగంలో పన్నెండుమందీ ఆడవాళ్లే. ఒక్కొక్కరి ముందు మంచమంత చెక్కబల్ల, దానినిండా మేకులు. ఏ రంగు వైరు ఏ మేకు పక్క నుంచి వెళ్లాలో బల్లమీద గీసి ఉండేదట. వైర్లన్నీ పరిచాక ఈ కొస నుంచి ఆ కొసకి టేపు చుట్టాలి. రోజుకి ఇన్ని జడలని లెక్క. అటు పక్క లైను మీద కార్లు కదులుతూ ఉంటాయి. జడ అందకపోతే లైను ఆగుతుంది. లైను ఆగితే సూపర్‌వైజర్ మెట్లు దిగి వస్తాడు.

"పన్నెండుమందిలో నేనొక్కదాన్నే పుర్రచెయ్యి. అందరి టేపూ ఇటు తిరిగితే నాది అటు తిరిగేది. సూపర్‌వైజర్ మొదట్లో తిట్టేవాడు. తర్వాత వదిలేశాడు, టేపు ఎటు తిరిగితే కరెంటుకేం" అంటూ వేలితో గాలిలో చుట్టి చూపించేది.

ఫ్యాక్టరీలో జరిగిన తప్పుల గురించి ఆవిడ చెబుతుంటే చుట్టుపక్కల షాపులవాళ్లు పని ఆపేసి వచ్చేవారు. ఆవిడ హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు. "గాడీ గయా, టిఫిన్ భీ గయా" అనేది. కారూ పోయింది, టిఫినూ పోయింది అని. అది టిఫిన్ డబ్బా మూత కథ. తలుపులు బిగించే అతను మూత కనబడక ఊరంతా వెతికాడు. ఆరునెలలకి ఒక పెద్దమనిషి కారు వెనక్కి తెచ్చాడు. తలుపు వేసినప్పుడల్లా గణగణమంటోందని. విప్పి చూస్తే మూత లోపలుంది. మరో కారుకి కుడివైపు ఒక రకం పిడి, ఎడమవైపు ఇంకో రకం పిడి వేసి పంపించేశారు. కొన్నాయన ఏళ్ల తరబడి చూసుకోనేలేదు. ఇంకొక కారులో పెట్రోలు ముల్లు తిరగబడింది. ట్యాంకు నిండితే ఖాళీ, ఖాళీ అయితే నిండు. బాగు చేసిస్తామని ఫ్యాక్టరీ ఉత్తరం రాస్తే, అలవాటైపోయింది, వద్దులెండి అని జవాబొచ్చిందట. ఇది చెప్పినప్పుడు పిన్నిగారికి నవ్వాగేది కాదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకునేది.

కానీ నవ్వించి వెళ్లే ముందు, షాపులో ఆ రకం కారుంటే మాత్రం, తలుపు తీసి ఆ చెయ్యి దూర్చేది. కళ్లు మూసుకుని తడిమేది. "బాగుంది" అనేది. రోడ్డు మీద ఆగి ఉన్న కారైనా సరే, యజమానిని అడిగి ఆ పని చేసేది. నాలుగుసార్లు తిట్లు తింది. ఒకసారి కోర్టు ముందు పోలీసు అడ్డుకుంటే నేను వెళ్లి విడిపించుకు రావలసి వచ్చింది. తను పనిచేసిన చోటి మీద బెంగ అనుకున్నాను. వయసులో చేసిన వస్తువుని ముట్టుకోవాలనిపిస్తుంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఆవిడ ఇంకొక అలవాటు నాకూ అంటుకుంది. ఏ అతుకు వేసినా దాన్ని రెండుసార్లు లాగి చూడమనేది. "ఒకసారి లాగితే నువ్వు చేసిన పని మీద నమ్మకంతో లాగుతావు. రెండోసారి అనుమానంతో లాగు" అనేది.

అలా రెండేళ్లు గడిచాయి.

దేవేంద్ర నగర్‌లో ఒక సేఠ్ ఉండేవాడు. ఉర్లాలో ఇనుప కమ్మీల ఫ్యాక్టరీ. వాళ్ల నాన్న మొట్టమొదట కొన్న కారు ఈ రకందే. ఆయన పోయాక ఎవరికో అమ్మేశారు. సేఠ్ దాన్ని ఎక్కడెక్కడో వెతికించి, అదే కారు దొరక్క, అదే రకం అదే రంగు కారు సంపాదించాడు. కూతురి పెళ్లికి ఆ కారులోనే అమ్మాయిని అత్తవారింటికి పంపాలని ఆయన కోరిక. బాడీ పని వేరేచోట చేయించి, లైట్లూ హారనూ నాకప్పగించాడు. "రోష్నీ తగడీ చాహియే" అన్నాడు. కాంతి జోరుగా ఉండాలని. నేను పాత బల్బులు తీసి ఎక్కువ వాట్ల బల్బులు పెట్టాను. జంట హారన్ వేశాను. పాత వైరింగ్ పైకి శుభ్రంగా ఉంది, టేపు కూడా ఊడలేదు. దాన్ని విప్పలేదు. ఆ వారం పిన్నిగారు రాయపూర్‌లో లేదు. అన్నగారి మనవరాలి పెళ్లికి పాలకొల్లు వెళ్లింది.

పెళ్లి ఇంకా పన్నెండు రోజులుందనగా, సాయంత్రం వేళ డ్రైవరు బిసాహు కారు బయటికి తీశాడు. లైట్లు వేసుకుని తెలీబాంధా చెరువు దాకా వెళ్లి వస్తుంటే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. ఆపేలోపు మంట. బిసాహు పరిగెత్తి పారిపోవచ్చు. పారిపోలేదు. మండుతున్న వైర్లని ఒట్టి చేత్తో పట్టుకుని బ్యాటరీ నుంచి లాగి పడేశాడు. కారు మిగిలింది. అతని కుడి అరచెయ్యి పొక్కిపోయింది.

మర్నాడు సేఠ్ నా షాపుకి వచ్చాడు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. బజారు వినేలా నెమ్మదిగా ఒక్కొక్క మాటే అన్నాడు. "నా కూతురు కూర్చుని ఉంటే?" అన్నాడు. పోలీసుల దాకా వెళతానన్నాడు. వెళ్లినా తప్పులేదనిపించింది. నేను ముట్టుకున్న కారు కాలింది. పెట్టిన ప్రతి అతుకూ మనసులో మళ్లీ లాగి చూసుకున్నాను. ఎక్కడా ఊడలేదు. కానీ మనసులో లాగితే ఏం తెలుస్తుంది? మధ్యాహ్నానికి ఇద్దరు పాత ఖాతాదారులు కబురుచేసి తమ కార్లు వేరేచోటికి తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే పిన్నిగారు ఊరి నుంచి వచ్చింది. బజారులో విని తిన్నగా షాపుకి వచ్చింది. నేను చెప్పింది సగంలో ఆపి, "ఏ రకం కారు?" అంది. చెప్పాను. మొదటిసారి ఆవిడ నా స్టూలు మీద కూర్చుంది.

"నన్ను అక్కడికి తీసుకెళ్లు" అంది.

"పిన్నిగారూ, సేఠ్ మండిపోతున్నాడు. ఇప్పుడు మీరెందుకు, మళ్లీ నన్ను..."

"తీసుకెళ్లవయ్యా."

పొద్దున్నే స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లాను. సేఠ్ ఇంటి వెనక రేకుల షెడ్డులో కారుంది. ఆయన మమ్మల్ని లోపలికి రానిచ్చాడు, కానీ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిన్నిగారు చీర కుచ్చిళ్లు దోపుకుని, కారు లోపల నేలమీద వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి చూసింది. అరవై దాటిన మనిషి. మసి మొహం మీద రాలుతోంది. చాలాసేపు కదల్లేదు. తర్వాత, "చాకు" అంది. ఇచ్చాను.

కాలకుండా మిగిలిన చోట, గేరు రాడ్డు వెనక, జానెడు జడ కోసి చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. వెలుగులో పెట్టి చూసింది. టేపు అటు తిరిగి ఉంది. చాకుతో నిలువునా చీల్చింది. బ్యాటరీ నుంచి లైట్లకి వెళ్లే వైరు లావుగా ఉండాలి. దాని చోట సన్నవైరు ఒక్కటే ఉంది, పెద్ద బల్బులు లాగే కరెంటుకి కాగి మండేది.

"ఇది నా చెయ్యి" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ సేఠ్ వైపు తిరిగి హిందీలో మొదలుపెట్టింది. "సేఠ్‌జీ, ఇస్‌కా గల్తీ నహీఁ. గల్తీ మేరా హై." ఇతని తప్పు లేదు, తప్పు నాది అని. ఆ తర్వాత హిందీ చాలలేదు. తెలుగులో చెబుతుంటే నేను మాట మాటా ఆయనకి హిందీలో చెప్పుకుంటూ పోయాను. చెబుతూనే నేనూ మొదటిసారి వింటున్నాను.

ఒక రోజు లావువైరు రాలేదట. లైను ఆపడానికి వీల్లేదు. సన్నవైర్లు రెండు జంటగా వెయ్యండి, రెండూ కలిస్తే లావుదానితో సమానమే అన్నాడు సూపర్‌వైజర్. అందరూ అలాగే వేశారు. సాయంత్రానికి సన్నవైరు కూడా అయిపోవచ్చింది. ఆవిడ బల్లమీద ఇంకా నాలుగు జడలు మిగిలాయి. జంటగా వేస్తే రెండింటికే వస్తుంది. ఒక్కొక్కటే వేస్తే నాలుగింటికీ వస్తుంది. ఒక్కొక్కటే వేసి టేపు చుట్టేసింది. టేపు చుట్టాక పైకి తేడా తెలియదు.

"మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి కార్లు లైను దాటిపోయాయి. చెబితే ఉద్యోగం ఉంచరు. మా చెల్లి అప్పుడు నర్సింగ్ రెండో ఏడు. నా జీతం మీద చదువుతోంది. ఎల్లుండి చెబుదామనుకున్నాను. అలా ముప్పై ఏళ్లయింది."

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ డ్యాష్‌బోర్డుల కింద దేనికోసం తడుముతోందో. ఒకటే వైరుంటే జడ ఆ చోట గడ్డిపరక మందం తక్కువగా ఉంటుంది. ఆ సన్నదనం కోసం.

సేఠ్ అంతా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. "నిన్ను నువ్వు కాపాడుకోవడానికి ముసలమ్మని తెచ్చి కథ చెప్పిస్తున్నావా?" అని నా మీద విరుచుకుపడ్డాడు. పిన్నిగారికి ఆ మాట నేను హిందీ నుంచి చెప్పనక్కర్లేకపోయింది. నా సంచీలోంచి టేపు తీసుకుంది. షెడ్డులో మూలనున్న చీపురు నుంచి నాలుగు పుల్లలు లాగింది. వాటిని కట్టగా పట్టుకుని ఎడమచేత్తో టేపు చుట్టింది. ఎంత వేగంగా చుట్టిందంటే, చుట్టినట్టు కాదు, టేపే ఆవిడ వేళ్లలోంచి పారినట్టు కనిపించింది. దాన్నీ, కారులోంచి కోసిన ముక్కనీ పక్కపక్కన పెట్టి సేఠ్ చేతిలో పెట్టింది. అదే వాలు, అదే ఎడం, కొసన అదే మడత.

ఆయన రెండింటినీ చాలాసేపు చూశాడు. తర్వాత అడిగిన మాట నేను అనుకున్నది కాదు.

"బాకీ తీన్ గాడియాఁ కహాఁ హైఁ?"

మిగిలిన మూడు కార్లు ఎక్కడున్నాయి?

పిన్నిగారు చాకు మడిచి నాకిచ్చేసింది. "తెలీదు" అంది తెలుగులోనే. ఆ మాట నేను అనువదించలేదు.

నా తప్పు అసలు లేదని కాదు. బల్బులు మార్చినప్పుడు వైరు లావు చూడాలి, చూడలేదు. బయటికి వచ్చాక ఆ మాటే అన్నాను. "అవును, చూడాలి" అంది. నన్ను ఓదార్చలేదు.

అక్కడి నుంచి ఇంటికి పోదామంటే వినలేదు. బిసాహు ఇల్లు ఎక్కడో కనుక్కుని అక్కడికి తీసుకెళ్లమంది. ఒకే గది ఇల్లు. అతను మంచం మీద చెయ్యి పైకెత్తి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. భార్య అన్నం కలిపి తినిపిస్తోంది. పిన్నిగారు గుమ్మంలోనే నిలబడి, కారు వైరు తానే తప్పుగా వేశానని, అందుకే చెయ్యి కాలిందని తనకొచ్చిన హిందీలో చెప్పింది. బిసాహు భార్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. అతను పిన్నిగారిని ఎగాదిగా చూశాడు.

"జబ్ తైఁ బనాయ్ రహే మౌసీ, తబ్ మైఁ పైదా ఘలో నఇ హోయ్ రహేఁవ్" అన్నాడు. నువ్వు దాన్ని చేసినప్పటికి నేనింకా పుట్టనేలేదు కదా అని. అని నవ్వబోయాడు గానీ చెయ్యి కదిలి మూలిగాడు.

అతని భార్య మాత్రం నవ్వలేదు. "ఈ చెయ్యి మళ్లీ స్టీరింగు పట్టుకుంటుందా?" అని అడిగింది. అది సరైన ప్రశ్న. ఆ రోజు నుంచి నెలన్నరపాటు నర్సమ్మగారు డ్యూటీ దిగి తిన్నగా ఆ ఇంటికి వెళ్లి కట్టు మార్చింది. అక్క సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసింది. "నా చదువు కోసమని నాకొక్క మాట చెప్పలేదు బాబూ. చెప్పి ఉంటే చదివేదాన్ని కాదని చెప్పలేదేమో" అంది నాతో ఒకసారి. బిసాహు చిటికెన వేలు పూర్తిగా ముడుచుకోవడం రాలేదు. మిగతా చెయ్యి బాగుపడింది. సేఠ్ అతన్ని పనిలోంచి తియ్యలేదు.

ఆ మధ్యలో, సేఠ్ సరేననగా, పిన్నిగారు ఆయన కారుకి కొత్త జడ కట్టింది. నా షాపులో పాత తలుపుచెక్క నేలమీద పరిపించి, మేకులు కొట్టించింది. గీత ఏదీ లేదు. ముప్పై ఏళ్ల కిందటి బల్ల ఆవిడ కళ్లలో ఉంది. ఏ మేకు దగ్గర ఏ రంగు వైరు తిరగాలో చెబుతూ పోతే నేను పరిచాను. "ఇక్కడ లావుది. నువ్వే కొలిచి తీసుకురా. నాకు చూపించు. మళ్లీ చూపించు." పగలంతా నిలబడి చేసేది. రెండో రోజు నుంచి బజారువాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఆవిడ ఒక్క హాస్యం ఆడలేదు, ఒక్క కథ చెప్పలేదు. ఏడో రోజుకి జడ పూర్తయింది. కారులో వేసి లైట్లు వెలిగిస్తే షెడ్డు గోడ తెల్లగా మెరిసింది. గంటసేపు వెలగనిచ్చి, చెయ్యి దూర్చి తడిమి చూసింది. చల్లగా ఉంది.

పెళ్లికూతురు ఆ కారు ఎక్కలేదు. సేఠ్ భార్య ఒప్పుకోలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. సేఠ్ పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. నాకు క్షమాపణా చెప్పలేదు. కానీ రెండు నెలల తర్వాత బిసాహు అదే కారు తోలుకుని మా బజారుకి వచ్చి, అందరూ చూసేలా నా షాపు ముందు ఆపి, హారన్ పని చూడమన్నాడు. హారన్‌కి ఏమీ కాలేదు. సేఠ్ కావాలనే పంపాడని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత పిన్నిగారి వెతుకులాట నాది కూడా అయింది. దుర్గ్, ధమ్‌తరీ, బిలాస్‌పూర్, అన్ని ఊళ్ల ఎలక్ట్రీషియన్లకీ చెప్పి ఉంచాను, ఆ రకం కారు కనిపిస్తే కబురు చెయ్యమని. కబురు వచ్చినప్పుడల్లా బస్సో రైలో ఎక్కేవాళ్లం. కొన్ని కార్లలో టేపు ఇటు తిరిగి ఉండేది, వేరే ఎవరిదో చెయ్యి. కొన్నిట్లో అటు తిరిగి ఉండేది, ఆవిడదే. కానీ వైరు సరిగ్గానే ఉండేది. అలాంటి కారు దొరికిన రోజు దారిపొడవునా హుషారుగా ఉండేది, స్టేషన్‌లో నాకు సమోసా కొనిపెట్టేది. నాలుగింటిలో రెండు ఎప్పటికీ దొరకలేదు. అవి తుక్కుకి పోయాయో, ఎక్కడైనా కాలిపోయాయో తెలియదు. రెండోది బిలాస్‌పూర్‌లో దొరికింది.

అది ఒక డాక్టరుగారి కారు. ఆయన పోయి చాలా కాలమైంది. భార్య ఒక్కతే ఉంటోంది, పిన్నిగారికంటే పదేళ్లు పెద్దది. చేతికర్ర పట్టుకుని మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లింది. రేకుల కింద కారు నాలుగు చక్రాల మీదా కుంగిపోయి ఉంది. ఇంజను ఎవరో ఎప్పుడో తీసుకుపోయారు. బోనెట్ కింద కోడి గుడ్లు పెట్టింది. వెనక సీటు మీద ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి.

పిన్నిగారు చెయ్యి దూర్చింది. కళ్లు మూసుకుంది. ఈసారి "బాగుంది" అనలేదు.

నేను లావువైరూ టేపూ బయటికి తియ్యలేదు. "పిన్నిగారూ, ఇందులో ఇంజనే లేదు. బ్యాటరీ లేదు. ఇదింక ఎప్పటికీ కదలదు" అన్నాను.

"తెలుసయ్యా. ఇటివ్వు."

గంటన్నర పట్టింది. ముసలావిడ గుమ్మం మెట్టుమీద కూర్చుని చూస్తూ, ఏం చేస్తున్నారని అడిగింది. పిన్నిగారు పని ఆపకుండా, డ్యాష్‌బోర్డు కింద నుంచే, ఈ కారు వైరు తానే తక్కువ వేశానని, అది తప్పని, లైట్లు ఎప్పుడూ మసకగా వెలిగి ఉంటాయని చెప్పింది. నేను హిందీ సరిచేసి మళ్లీ చెప్పాను.

ముసలావిడ కర్ర పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "అది నువ్వా! డాక్టర్‌సాబ్ ఈ లైట్లని తిట్టని రోజు లేదు. ముగ్గురు మెకానిక్కులకి చూపించారు. దీపం పెట్టుకుని పోయినట్టుందని చీకట్లో కారు తీసేవారే కాదు. ఏ ఊళ్లో రోగి ఉన్నా, పొద్దు వాలితే చాలు, ఇంటికి బయలుదేరేవారు. మిగతా డాక్టర్ల భార్యలు నన్ను చూసి ఏడ్చేవాళ్లు. రోజూ దీపాలు పెట్టే వేళకి మా ఆయన ఇంట్లో ఉండేవారు."

పిన్నిగారి చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ టేపు చుట్టడం మొదలుపెట్టింది. కొస మడిచి, రెండుసార్లు లాగి చూసి, బయటికి వచ్చింది. జుట్టునిండా బూజు.

"అబ్ చలేగీ క్యా?" అని అడిగింది ముసలావిడ, వేళాకోళంగా. ఇప్పుడు నడుస్తుందా?

"చలేగా నహీఁ" అంది పిన్నిగారు. "జలేగా భీ నహీఁ." నడవదు. కాలదు కూడా.

ముసలావిడ మాకు టీ పెట్టి ఇచ్చి, ఉల్లిపాయలు ఒక సంచీడు కట్టి పంపింది. సాయంత్రం లోకల్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. భాటాపారా స్టేషన్ దాటేదాకా పిన్నిగారు ఉల్లిపాయల సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీకి తల ఆనించి కూర్చుంది. బయట పొలాల మీద వెలుగు తగ్గుతోంది. నిద్రపోయిందనుకున్నాను.

"రోజూ ఇంటికొచ్చేసేవాడంట బాబూ" అంది.

"అవును పిన్నిగారూ."

"చీకటి పడకుండానే" అంది. అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది. రాయపూర్ వచ్చేదాకా నేను ఆవిడ మొహం చూడలేదు. చూడకూడదనిపించింది.